ఉపగ్రహము నుండి బొటనవ్రేలి వరకు

దొరవారిసత్రమునకు తూర్పు దిక్కున పులికాట్ సరస్సు, దాని కావల శ్రీహరికోట, ఆ పైన బంగాళాఖాతము ఉన్నవి. 2022 నవంబరు 26న ఆ దీవి నుండి ఓషన్‌శాట్-3 అను ఉపగ్రహమును రాకెట్టు నింగి కెత్తినది. ఇట్టి ఉపగ్రహములు సముద్రపు రంగును గమనించి, నీటిలోని క్లోరోఫిల్ అను పచ్చని పదార్థమును అంచనా వేయును. నీటి ఉపరితల ఉష్ణోగ్రతను కూడ జోడించి, చేపలు చేరుటకు అవకాశమున్న తావులను హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ అను సముద్ర సమాచార కేంద్రము జాలరులకు తెలియజేయును.

వందల కిలోమీటర్ల ఎత్తు నుండి వార్త వచ్చినది. కాని చివరి జానెడు దూరము మిగిలియున్నది. అది ఫోను తెరకును జాలరి కంటికిని నడుమ గల దూరము. దానిని దాటించు విద్యయే ఉపయోగ సౌలభ్యము.

సౌలభ్యమనగా నేమి?

తెర అందముగా నుండుట సౌలభ్యము కాదు. 1998లో వెలువడి 2018లో సవరింపబడిన ఒక అంతర్జాతీయ ప్రమాణము దీనిని నిర్వచించినది. ఫలానా మనుష్యులు, ఫలానా పనిని, ఫలానా పరిస్థితులలో ఎంత సఫలముగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా చేయగలరో అదియే సౌలభ్యము. కనుక గదిలో కూర్చున్నవానికి సులభమైన యాప్, ఊగుచున్న పడవలోనివానికి దుర్లభము కావచ్చును.

చేపల తావును అక్షాంశ రేఖాంశములలో చెప్పవచ్చును. పడవ బయలుదేరు రేవు నుండి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతున ఉన్నదో కూడ చెప్పవచ్చును. ఇన్‌కాయిస్ ఈ రెండు విధములుగను చెప్పుచున్నది. జ్ఞానమొక్కటే, కాని రెండవది పడవవాని ఆలోచనా మార్గములో నడచును.

తీరము నుండి సుమారు 10, 12 కిలోమీటర్లు దాటినచో ఫోను సంకేతము అందదు. అందుచేత 2019లో ‘జెమిని’ అను చిన్న పరికరమును విడుదల చేసిరి. అది ఉపగ్రహము నుండి వార్తను గ్రహించి ఫోనునకు అందించును. పరిస్థితిని ఎరిగి చేసిన ఏర్పాటన్న ఇదియే.

వ్రేలు, కన్ను, తెర

గురి చిన్నదగుకొలది, దూరమగుకొలది దానిని తాకుటకు ఎక్కువ కాలము పట్టునని 1954లో ఫిట్స్ అను అమెరికా మనోవిజ్ఞాని చూపెను. ఆండ్రాయిడ్ ఫోనులలో బటను సుమారు 9 మిల్లీమీటర్లుండవలెనను సలహా ఇందులకే. ఉప్పునీరు విద్యుద్వాహకము, తడిచేతి స్పర్శను తెర తప్పుగా గ్రహింపవచ్చును. ఎండలో లేతరంగు అక్షరములు కనబడవు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుపరచలేని కన్నులు గలవారును కలరు. కావున రంగుతోపాటు మాటయు, గుర్తుయు ఉండవలెను. తుపాను హెచ్చరిక నాలుగు బటనుల వెనుక దాగియున్నచో, ఉపగ్రహము చూచినను జాలరి చూడనట్లే. అక్కడ ప్రాణములే పోవచ్చును.

మీరే పరీక్షింపుడు

పరీక్షా ఫలితములు చూపు ఒక వెబ్‌సైటును అయిదుగురు పెద్దలకు ఒక్కొక్కరికే ఇచ్చి, ఫలానావాని మార్కులు చూడుమని కోరుడు. మీరు నోరు మెదపరాదు. ఎక్కడ ఆగిరో, ఏది పొరపాటున నొక్కిరో వ్రాసికొనుడు. కొద్దిమందితో చేసిన పరీక్షలోనే పెద్ద లోపములు పెక్కు బయటపడును.

“నాకు చదువు రాదు బాబూ, ఇది నాకు తెలియదు” అని వారిలో నొకరు ఫోనును తిరిగి ఇచ్చినచో, ఆ మాటను వారి లోపముగా వ్రాయకుడు. తెరను కల్పించినవాని లోపముల పట్టికలో మొదటి వరుసను వ్రాయుడు.