మియాపూర్‌లో ఇల్లు తీసుకోవచ్చా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడండి

"అన్నా, హైటెక్ సిటీలో జాబ్ వచ్చింది, మియాపూర్‌లో రెంట్‌కి దిగొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. ఉద్యోగం చేసేటప్పుడు నేను 2 ఏళ్లు అక్కడే ఉన్నా. అందుకే చెప్తున్నా.

ముందు మెట్రో. 2017 నవంబర్‌లో మొదలైంది. రెడ్ లైన్ బయల్దేరేదే మియాపూర్ నుంచి, కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. కానీ ఆ రైలు హైటెక్ సిటీకి వెళ్లదు! అమీర్‌పేట దాకా పోయి, బ్లూ లైన్ ఎక్కి, మళ్లీ వెనక్కి రావాలి. ఆఫీసు అమీర్‌పేట, నాంపల్లి వైపు ఉంటే మియాపూర్ సూపర్. హైటెక్ సిటీ అయితే హఫీజ్‌పేట ఎంఎంటీఎస్‌కి దగ్గర్లో వెతకండి, తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. రైళ్లు తక్కువ, టైమింగ్స్ మాత్రం ముందే చూసుకోండి.

రెండోది నీళ్లు. నేను ఫ్లాట్ చూసింది ఆగస్టులో. కుళాయి తిప్పితే ధార. ఏప్రిల్‌కి బోరు ఎండింది, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో పడింది. ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి: "పోయిన ఎండాకాలం రోజుకి ఎన్ని ట్యాంకర్లొచ్చాయి? మంజీరా కనెక్షన్ ఉందా?"

మూడోది వాన. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి సెల్లార్ చూడండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో అదే చెప్తుంది.

ఏరియా మంచిదా కాదా అని కాదు ఫ్రెండ్స్, మీ ఆఫీసుకి, ఆ బిల్డింగ్‌కి లెక్క కుదిరిందా అన్నదే పాయింట్. ఒక సోమవారం పొద్దున 9కి ఆ గేటు నుంచి ఆఫీసుకి వెళ్లి చూడండి. అడ్వాన్స్ ఆ తర్వాతే!