పొరుగువారి సుఖదుఃఖములకు వాడు మాటలు

మన పాతబస్తీలో పెరిగిన తెలుగు బాలునికి ఉర్దూ రాదనుట సరికాదు. మీరాలం మండిలో కూరగాయల వెల యడుగగలడు. చార్మినారునుండి దబీర్‌పురకు త్రోవ చెప్పగలడు. ఆటలో తగవు వచ్చినచో తన పక్షమున గట్టిగా వాదింపను గలడు. అయితే ప్రక్కయింటి స్నేహితుని తండ్రి మరణించిన దినమున ఆ యింటి గడపయొద్ద నిలిచినప్పుడు వాని నోట మాట రాదు. వెలలకును త్రోవలకును మాటలు నేర్చినవాడు దుఃఖమునకు మాట నేర్వలేదు. అట్టి విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ రెండు భాషల పొత్తు నిన్న మొన్నటిది కాదు. 1591లో ఈ నగరమును నిర్మింపజేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వము వ్రాసెను. అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల నాదరించెను. 1880ల దశకములో నిజాం ప్రభుత్వము పారసీకమునకు మారుగా ఉర్దూను రాజభాషగా చేసెను. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటికిని అది రెండవ అధికారభాష యయ్యెను. ఇంతకాలము ఒక్క బజారులో తిరిగిన భాషలు ఒకదాని మాటల నొకటి పుచ్చుకొనకుండునా? తెలుగున వాడబడు అన్యదేశ్యముల కొరకు బ్రౌను దొర 1854లో ప్రత్యేకముగా ఒక నిఘంటువునే ప్రకటించెను.

చిక్కు ఇక్కడనే యున్నది. మన యింట నున్న మాటయే గదా యని తీసి వాడినచో అర్థము ప్రక్కకు పోవును. పనుల నడుమ పరుగులు పెట్టి అలసినవాడు తెలుగున "హైరానా పడితిని" అనును. ఉర్దూలో హైరాన్ అనగా ఆశ్చర్యముచేతనో అయోమయముచేతనో నిలిచిపోయినవాడు. "పరేషాన్" అనుదానితో జంటగా వచ్చినప్పుడు మాత్రము అది మన అర్థమునకు కొంత దగ్గరగును. షౌక్ అనగా ఒక విద్యయందో వస్తువునందో గల గాఢమైన ఆసక్తి. మన షోకు బట్టలయందును అలంకారమునందును నిలిచిపోయినది. హోషియార్ అనువాడు తెలివియు జాగరూకతయు గలవాడు. మన హుషారు ఉత్సాహము మాత్రమే. మనకు రాజీ యనగా తగవు తీరుట, వారికి రాజీ యనగా సమ్మతించిన మనస్సు, సంతుష్టుడైన మనుష్యుడు. మాఫీ యనగా మన రైతునకు అప్పు గుర్తు వచ్చును. అదే మాట ఉర్దూలో నొచ్చిన మనస్సును వేడుకొనుటకు పనికివచ్చును.

వీని యన్నిటిలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది ఉదాస్ అనునది. ఇది సంస్కృతమునుండి వచ్చినది. తెలుగున ఉదాసీనుడనగా దేనిని పట్టించుకొననివాడు. ఉర్దూలో ఉదాస్ అనగా దిగులుపడియున్నవాడు. నీ మిత్రుడు ఉదాస్‌గా నున్నాడని ఎవరైన చెప్పినప్పుడు, వానికి మనయందు లక్ష్యము లేదు కాబోలునని తలచి నీవు తొలగిపోయితివేని, దగ్గరకు పోవలసిన సమయమునందే దూరమైనవాడ వగుదువు.

కొన్ని మాటలను విప్పి చూచినచో లోపల ఒక చిత్రము కనబడును. పరేషాన్ అను పారసీక పదమునకు మొదటి అర్థము చెదరినది యని. రేగిన జుట్టునకును ఈ మాట చెల్లును. మనమును "మనస్సు చెదరినది" అందుము గదా. గుస్సా యనునది అరబ్బీలో గొంతునకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరి చేయునట్టిది, ఉర్దూలో కోపమైనది. గొంతు పూడుకొనిపోవునంత కోపము వచ్చినవారికి ఈ సంబంధమును వివరింప నక్కరలేదు. హమ్‌దర్దీలో హమ్ అనగా కూడ, దర్ద్ అనగా నొప్పి. ఒకరి నొప్పిని కూడి పడుటయే హమ్‌దర్దీ. మన సానుభూతికి సరిజోడు.

మాటలు వేరైనను వాక్యపు కట్టడియందు తెలుగు పిల్లలకు గొప్ప సౌకర్యము గలదు. ఆంగ్లేయుడు తానే కోపముగా నున్నానని చెప్పును. మనకు కోపము "వచ్చును", భయము "వేయును". అది ఎక్కడనుండియో వచ్చి మనలను తాకినట్లు చెప్పుదుము. ఉర్దూయు నంతే. గ్రంథభాషలో "ముఝే గుస్సా ఆయా", మన వీధులలో "మేరేకు గుస్సా ఆయా"; నాకు కోపము వచ్చినది. "మేరేకు డర్ లగా". భయము నన్ను అంటుకొన్నది. "మేరేకు రోనా ఆయా", ఏడుపు వచ్చినది. "నాకు" అనుదానిని "మేరేకు" అని మార్చినచో సగము పని యయినట్లే. ఇంకొక వింత యేమనగా, మన "అని" యను మాటకు దక్కనీలో "బోల్కే" నిలుచును. "ఆలస్యమగునని భయము" అనుటకు "దేర్ హోతా బోల్కే డర్" అందురు. ఢిల్లీవారికి వింతగా తోచు ఈ పలుకుబడి తెలుగు చెవికి ఇంటి మాటవలె నుండును. వారు మనకు పదములనిచ్చిరి, మనము వారికి వాక్యపు అచ్చు నిచ్చితిమి.

ఒక మాట కెదుట ఒక మాట యని రెండు వరుసలు వ్రాసి వల్లించు పద్ధతి నాకు సమ్మతము కాదు. గుస్సాను ఒంటరిగా నేర్చినవానికి దాని వెనుక "ఆయా" వచ్చునో "లగా" వచ్చునో తెలియదు. ఖుషీ స్త్రీలింగము గనుక "ఖుషీ హుయీ" యనియు, అఫ్సోస్ పుంలింగము గనుక "అఫ్సోస్ హువా" యనియు పలుకవలెను. ఈ భేదము తెలుగున లేదు గనుక వాక్యముతో కలిపియే కంఠస్థము చేయవలయును. ఏ సమయమున, ఎవరు, ఎవరితో అనగా వింటిమో దానినిగూడ ప్రక్కన వ్రాసికొనుట మేలు. చలనచిత్రపు పాటలవలన ఇష్క్, ముహబ్బత్, బేవఫా మొదలగునవి మా విద్యార్థులకు ఎవరును నేర్పకయే వచ్చును. వానిని గూర్చి నేను శ్రమపడ నక్కరలేదు!

దుఃఖమునకు చెందిన మాటలలో ఈ పాతబస్తీ ధనవంతమైనది. పత్తర్‌గట్టీ చెంత 1590ల దశకమున కట్టబడిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాయే దానికి సాక్ష్యము. ముహర్రము పదవ దినమున దబీర్‌పురనుండి బీబీకా అలమ్‌ను ఏనుగుపై ఊరేగించునప్పుడు ఎన్ని మాటలు మన చెవిని బడును! గమ్ అనగా దుఃఖము. మాతమ్ అనగా రొమ్ము బాదుకొని చేయు శోకము. మర్సియా మృతులనుగూర్చి చదువు శోకగీతము. నౌహా శోకించుచు పాడునది. పుర్సా యనగా పరామర్శ. తెలంగాణపు పల్లెలలో దీనినే పీర్ల పండుగ యని తెలుగువారును జరుపుకొందురు.

ఇక ఆ గడపయొద్ద నిలిచిన బాలుడు ఏమి చెప్పవలెను? "బహుత్ అఫ్సోస్ హువా" అనినచో చాలును. అఫ్సోస్ విచారము, దానిలో పెద్ద పాండిత్యమేమియు లేదు. పెద్దలు "అల్లాహ్ సబర్ దే" అందురు, అనగా దేవుడు ఓర్పు ననుగ్రహించునుగాక యని. సబర్ అనునది ఊరకుండుట కాదు, వచ్చిన బాధను సణుగక భరించు శక్తి. షిరిడీ సాయిబాబా పేరుతో తెలుగు ఇండ్లలో వినబడు సబూరీ యనునది దీని కుటుంబములోనిదే. పిన్నవారు పెద్దవారికి సబర్‌ను గూర్చి బోధించుట అంత మర్యాద కాదు గనుక దానిని పెద్దలకు విడిచి, అఫ్సోస్ చెప్పి, స్నేహితుని ప్రక్కను కొంతసేపు కూర్చుండవలెను. అతడే "మేరేకు రోనా ఆరా" అనినచో ఆ వాక్యము మీకిప్పుడు తెలియును.