సముద్రం దూరమే... కబురు మాత్రం అవసరమే!

సారంగాపూర్: ఈ ఊరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. వరద అంటే ఇక్కడివారికి తెలిసినవి గోదావరి, వాగులే. అయినా సముద్రం అడుగున భూమి కదిలితే ఈ ప్రాంతం ఉలిక్కిపడవలసిందే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం దుబాయి, మస్కట్ వెళ్లినవారు ఎందరో. ఇక్కడ ఇల్లాలు బీడీలు చుడుతుంటే, అక్కడ పెనిమిటి సముద్రపు ఒడ్డున రెక్కలు ముక్కలు చేసుకుంటుంటాడు. ఆ సముద్రం సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి.

వంగిన బద్ద ఎగిరినట్లు

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంది. మనం నడిచే నేల కింద దీని మందం సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. సముద్రం కింద సుమారు 7 కిలోమీటర్లే. పలుచనిదే కాని, నల్లరాతిది కనుక బరువెక్కువ. అందుకే రెండు పలకలు ఎదురుపడిన చోట సముద్రపు పలక రెండవదాని కిందికి దూరుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే, చేతిగోరు పెరిగినంత. దూరేచోట రెండూ బిగుసుకుపోతాయి. పై పలక అంచు వెదురుబద్దలా వంగుతూ వస్తుంది. వందల ఏళ్లకు ఒకనాడు ఆ పట్టు వీడుతుంది. అంచు పైకెగిరి, మీద ఉన్న నీటినంతా ఎత్తుతుంది. అదే సునామీ.

2004 డిసెంబర్ 26 ఉదయం సుమత్రా దగ్గర జరిగింది ఇదే. తీవ్రత 9.1. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పలకలు జారాయి. రెండు గంటలకు అలలు మన తూర్పుతీరాన్ని తాకాయి. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల మందికి పైగా మరణించారు. రెండు గంటల వ్యవధి ఉన్నా, ముందుగా చెప్పే ఏర్పాటు ఆనాడు లేదు.

హైదరాబాద్ నుంచి కాపలా

ఆ ఏర్పాటు 2007 అక్టోబర్‌లో వచ్చింది. అదీ సముద్రం లేని హైదరాబాద్‌లోనే! ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం రాత్రింబవళ్లు హిందూ మహాసముద్రాన్ని కనిపెట్టి ఉంటుంది. భూకంప యంత్రాలు, సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు దానికి కళ్లు, చెవులు. ప్రతి భూకంపమూ సునామీ తేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద తీవ్రత 8.6గా భూమి కదిలింది. రాయి పైకి లేవక, పక్కకు జరిగింది. పెద్ద అల రాలేదు.

మస్కట్‌కు ఎదుటే

గల్ఫ్ వెళ్లినవారు గుర్తుంచుకోవలసిన పేరు మక్రాన్. ఇది ఇరాన్, పాకిస్తాన్ తీరం. ఇక్కడా ఒక పలక మరొకదాని కిందికి దూరుతున్నది. 1945 నవంబర్ 28న తీవ్రత 8.1గా భూకంపం వస్తే అలలు ముంబయి దాకా వచ్చాయి. దుబాయి హొర్ముజ్ ఇరుకుకు లోపల ఉంది. మస్కట్ మాత్రం మక్రాన్‌కు ఎదుటే ఉంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పగల విద్య ప్రపంచంలో ఎక్కడా లేదు.

కనుక ఫోన్ చేసినప్పుడు పైకం, పిల్లల చదువు ముచ్చట్లతోపాటు ఈ ఒక్క మాటా చెప్పాలి. ఒడ్డున ఉండగా నేల గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, చూస్తూ నిలబడవద్దు. ఎత్తయిన చోటికి పరుగెత్తాలి. మొదటి అల పోయిందని దిగి రావద్దు. వెనుక వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు. అధికారులు చెప్పేదాకా అక్కడే ఉండాలి. ఈ మాట చెప్పడానికి ఖర్చు లేదు. తెలియకపోతే మాత్రం ప్రాణానికే ముప్పు.