విమానానికి 90 సెకన్లు, మరి రైలుకో?

నాందేడ్ నుంచి హైదరాబాద్‌కూ బెంగళూరుకూ స్టార్ ఎయిర్ సర్వీసులు 2024 మార్చి 31న మొదలయ్యాయి. ఎంబ్రాయర్ 175 విమానం, 76 సీట్లు. తలుపులు నాలుగే: ముందు రెండు, వెనక రెండు. రెక్కల మీదికి తెరుచుకునేవి లేవు.

44కు మించి సీట్లున్న విమానం సగం తలుపులతోనే 90 సెకన్లలో ఖాళీ కావాలని అమెరికా, ఐరోపా నిబంధనలు చెబుతాయి. ఈ విమానం లెక్క వేద్దాం. రెండు తలుపులు, ఒక్కోదానికి 38 మంది. తలుపు తెరిచి, జారి దిగే స్లైడ్ ఉబ్బేదాకా పట్టే సమయం పోను, మనిషికి దక్కేది దాదాపు రెండు సెకన్లు. 90 సెకన్లు చాలుతాయని నిరూపించే పరీక్ష చీకట్లో పెడతారు. నడిచే దారిలో బ్యాగులు, దుప్పట్లు పడేసి ఉంచుతారు. కనీసం 40 శాతం ఆడవాళ్ళు, 35 శాతం యాభై దాటినవాళ్ళు ఉండాలి. ఏ తలుపులు తెరుచుకుంటాయో ముందు ఎవరికీ చెప్పరు. 2006లో హాంబర్గ్‌లో ఎయిర్‌బస్ 380 నుంచి 873 మంది 78 సెకన్లలో బయటపడ్డారు.

పరీక్షలో నిప్పుండదు. నిజంగా నిప్పంటుకున్నప్పుడు దాని వెనక ఒక్కోసారి చాలా చిన్న పొరపాటు ఉంటుంది. 2007 ఆగస్టు 20న జపాన్‌లోని నాహాలో దిగిన చైనా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 సంగతి అదే. రెక్క ముందంచున స్లాట్ అనే పలక ముందుకు జారుతుంది, మళ్ళీ లోపలికి వెళ్తుంది. దాన్ని నడిపే కడ్డీ చివర బోల్టు, నట్టు, మధ్యలో వాషర్. నెలన్నర ముందు జరిగిన మెయింటెనెన్స్‌లో ఆ వాషర్ పడకుండా పోయింది. అది లేకపోతే నట్టు బోల్టు పట్టే రంధ్రంలోంచి జారిపోగలదు. జారిపోయింది. ఊడిన బోల్టును కడ్డీ లోపలికి నెట్టడంతో ఇంధన ట్యాంకుకు చిల్లు పడింది. విమానం పార్కింగ్‌కు చేరేసరికి ఇంధనం కారి అంటుకుంది. అయినా 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మెకానిక్‌ను ఒక్కడినే తప్పుపట్టడం నాకు సరికాదనిపిస్తుంది. వాషర్ లేకున్నా బిగించగలిగేలా ఆ భాగాన్ని తయారుచేశారు కదా.

1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఇంకో విమానానికి అంత అదృష్టం లేదు. పగులును వెల్డింగ్‌తో బాగుచేసిన ఇంజిన్ భాగం టేకాఫ్ పరుగులో పేలి, రెక్క అడుగున ట్యాంకును చీల్చింది. ఉన్న 137 మందిలో 55 మంది పోయారు. వాళ్ళలో 48 మందిని చంపింది పొగే. కుడివైపు ముందు తలుపు మొదట ఇరుక్కుపోయింది, ముందు తలుపుల వైపు వెళ్ళే సందు ఇరుకు. ఆ తర్వాత నేలమీద దారి చూపే లైట్లూ, త్వరగా అంటుకోని సీట్లూ, రెక్క తలుపుల దగ్గర వెడల్పాటి దారీ వచ్చాయి.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళి దుబాయ్‌లో కూలిన ఎమిరేట్స్ విమానానిది మెయింటెనెన్స్ లోపం కాదు. కానీ చుట్టూ పొగ కమ్ముతుంటే కొందరు పైన పెట్టిన బ్యాగుల కోసం చేతులు చాచారు. 300 మందీ బతికారు, మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మ్యాన్ మాత్రం పేలుడులో చనిపోయాడు. మనిషికి రెండు సెకన్లున్న చోట బ్యాగు దించడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

నాందేడ్ పేరు వింటే నాకు విమానం కంటే ముందు రైలే గుర్తొస్తుంది. 2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున, అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర, బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బీ-1 ఏసీ బోగీ కాలిపోయింది. ఇద్దరు పిల్లలతో సహా 26 మంది పోయారు. అందరూ నిద్రలో ఉన్నారు. బిగించిన అద్దాలు, కమ్మిన పొగ, తలుపు ఎటుందో తెలియని చీకటి. కొందరు అద్దాలు పగలగొట్టుకుని దూకారు. విమానంలో బెల్టు పెట్టుకోగానే తలుపులెక్కడున్నాయో చేయి చాచి చూపిస్తారు. ఏసీ బోగీలో దుప్పటి, దిండు చేతికిస్తారు, ఎర్ర గుర్తున్న అత్యవసర కిటికీ ఎక్కడో మాత్రం చూపరు. దుప్పటి ఇచ్చే అటెండెంటే, అదే నిమిషంలో, ఆ కిటికీ కూడా చూపించేలా రైల్వే వెంటనే ఆదేశించాలి.