ఆవరణలోని పూలమొక్కలకును లెక్క యుండవలెను

గుంటూరు, విజయవాడల నడుమ నంబూరు చెంత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము కలదు. 1967లో నల్లపాడున ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొలకెత్తి, 1976లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. ఇట్టి విద్యాలయముల ఆవరణలలో నీడకును, అందమునకును పెంచు మొక్కలను వృక్షశాస్త్రజ్ఞులు పరిశీలించి పట్టికలు వ్రాయుదురు. పూలమొక్కలకు లెక్క యేల యని కొందరు తలంపవచ్చును. పత్తి, మిరప పండించు మన పల్లెలకు ఈ పనితో గల సంబంధమును పంచాయతీ సభ్యులకు వివరింపగోరుచున్నాము.

ముందుగా ఆవరణమును దారుల ననుసరించి భాగములుగా విభజింతురు. ఒక్కొక్క భాగమును వేర్వేరు ఋతువులలో నడచి చూతురు. ఏలయన, పూవు లేనిదే పెక్కు మొక్కల జాతిని నిర్ధారించుట కష్టము. ప్రతి మొక్కకును తెలుగు పేరు, శాస్త్రీయ నామము, కుటుంబము, జన్మదేశము, పూచు మాసములు వ్రాయుదురు. చెట్టో, పొదయో, తీగయో, విత్తనముతో మొలచునో, కొమ్మతో నాటుదురో గుర్తింతురు. పూచిన రెమ్మను కాగితముల నడుమ అదిమి, ఆరబెట్టి భద్రపరతురు.

శాస్త్రీయ నామ మెందుకు? గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు ఒకే కుటుంబమునకు చెందినవి. గుణములు మాత్రము వేరు. మొదటి రెండును ఘోరవిషములు. పచ్చగన్నేరు గింజలు తిన్న ప్రాణాపాయము. మడగాస్కరు నుండి వచ్చిన బిళ్ళగన్నేరు నుండి తీయు వింక్రిస్టిన్ అను మందు రక్తపు కాన్సరు చికిత్సకు ఉపయోగపడుచున్నది. పేరు విని నాటుట చాలదు. మొక్క నెరిగి నాటవలెను.

మందారము పత్తి కుటుంబములోనిదే. 2006 ప్రాంతమున మన దేశపు పత్తిచేల నాశించిన పిండినల్లి మందారముపైనను, గట్లపై పెరుగు తుత్తురబెండపైనను బ్రతుకగలదు. చేలలో పత్తి లేని వేసవిలో అదియే దానికి ఆశ్రయము. 2021లో గుంటూరు మిరపతోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు చామంతి వంటి పూలమొక్కలపైనను చేరును. అంతమాత్రమున మందారమును పెరికివేయ నక్కరలేదు. ఏ మొక్క ఎచ్చట నున్నదో తెలిసినచో, తెల్లని పిండి కనబడగనే ఆ కొమ్మను కత్తిరించి కాల్చివేయవచ్చును.

కావున ప్రతి పంచాయతీయు బడి, కార్యాలయము, వైద్యశాల ఆవరణలలోని మొక్కలకు ఒక దస్త్రము నుంచవలెనని మా సూచన. ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి దీనిని కొలది దినములలో పూర్తి చేయగలరు. సంశయము కలిగినచో పూచిన రెమ్మను తీసికొనిపోయి వ్యవసాయ కళాశాల వారికి చూపవచ్చును. 1945లో వెలసిన బాపట్ల కళాశాల మన ప్రాంతమున ఉండనే యున్నది. విషపు మొక్క పిల్లలు ఆడుకొను చోటను, పశువులు మేయు చోటను ఉన్నచో తొలగించి, ఆ తావున వేప, కానుగ, పొగడ నాటింపుడు. దస్త్రమున వ్రాయబడిన మొక్కను కాపాడుట సులభము. తెలియని మొక్క వలన కలుగు కీడును ఆపుట కష్టము.