చేప వైపు నుంచి యోనా కథ

యోనా కథ చెప్పని సండేస్కూల్ ఉండదు. కానీ మనం ఆ చేపను యోనాను ఒడ్డున దించి పోయే పడవలా చూపించి వదిలేస్తాం. ఈసారి కథను చేప వైపు నుంచి చెప్పి చూడండి. ఆ గ్రంథం ముగింపులో దేవుడు నీనెవె మనుషులతోపాటు పశువులనూ లెక్కలోకి తీసుకున్నాడు కదా!

యోనా గ్రంథం ‘గొప్ప మత్స్యము’ అంటుందే గాని తిమింగలమని చెప్పదు. తిమింగలం అసలు చేపే కాదు. ఊపిరి కోసం నీటిపైకి వస్తుంది, బిడ్డకు పాలిస్తుంది. ఈ మాట వినగానే పిల్లల ప్రశ్నలు మొదలవుతాయి.

అప్పుడు ఇది చెప్పండి. 2018లో స్పెయిన్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక తిమింగలం కడుపులో 29 కిలోల చెత్త దొరికింది. ప్లాస్టిక్ సంచులు, వల ముక్కలు, తాళ్లు. యోనాను చేప కక్కేసింది. ఈ తిమింగలం ఆ చెత్తను బయటికి పంపలేక చనిపోయింది.

మరీ చిన్నపిల్లలైతే భయపడతారు. వాళ్లకు తిమింగలాల పాటల సంగతి చెప్పండి. 1970లో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త వాటిని రికార్డుగా విడుదల చేశాడు. విన్నవాళ్లలో చాలామంది వేట ఆపమని అడిగారు. వ్యాపారం కోసం చేసే వేటపై 1986లో అంతర్జాతీయ నిషేధం అమలైంది.

పోయిన వేసవి వీబీఎస్‌లో ఈ కథ నేనే చెప్పాను. అవగానే పిల్లలకు ప్లాస్టిక్ గ్లాసుల్లో నిమ్మరసం ఇచ్చాం. ఒక పాప తాగేసి, “అయ్యగారూ, ఈ గ్లాసు ఎక్కడికి పోతుంది?” అంది. నాకు మందిరం వెనక కాలువ గుర్తొచ్చింది.

ఈ ఏడు స్టీలు గ్లాసులు కొన్నాం. కడగడం పెద్దపిల్లల వంతు.