ఉషస్సు పేరు గల కణము



గత కార్తిక సోమవారం నాడు స్వామి దర్శనానికై కొండ మెట్లు ఎక్కుతూ, సగం దారిలోనే ఊపిరి అందక కూర్చుండిపోయాను. డెబ్బది నాలుగేళ్ల దేహం, పైగా ఉపవాసం. ఇది సహజమే అనుకున్నాను. ఆయాసాన్ని కూడా తపస్సుగానే భావించి, తరువాతి మూడు రోజులూ అదే విధంగా ఎక్కాను. అది తపస్సు కాదనీ, వాచిన నా హృదయ కండరం పెట్టిన మొర అనీ తరువాత తెలిసింది. ఆ అనుభవం యాత్రికులకు ఉపకరించగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అంతకు ముందు మూత్రకోశ వ్యాధికి సల్ఫా జాతి మాత్రలు కొన్ని వారాల పాటు వాడుతున్నాను. మూడవ వారంలో ఒంటిపై దద్దుర్లు, దురద, కొద్దిపాటి జ్వరం కనిపించాయి. ఒకచోట రక్తపరీక్ష చేసి, ఎలర్జీయే అని చెప్పి, దురదకు మాత్ర ఇచ్చి పంపారు. ఆ కాగితాన్ని పంచాంగంలో మడిచిపెట్టి మరచిపోయాను. ఆరు రోజుల తరువాత మా అబ్బాయి దానిని తీసి చూసి, “నాన్నగారూ, ఈ అంకెను గుండె డాక్టరుగారికి చూపించారా?” అని అడిగాడు. మొత్తం తెల్లకణాలు 14,000. అందులో ఇసినోఫిల్స్ 30 శాతం.

ఈ ఇసినోఫిల్ అనే మాట మన ఇళ్లలో క్రొత్తది కాదు. దగ్గు, ఆయాసం వచ్చిన ప్రతివారి నోటా వినేదే. తెల్లరక్తకణాలలో ఇది ఒక జాతి. ఇయోసిన్ అనే ఎర్రని రంగును ఇది బాగా పీల్చుకుంటుందని 1879లో జర్మనీ దేశపు వైద్యుడు పాల్ ఎర్లిక్ వర్ణించాడు. ఆ రంగు పేరు గ్రీకుల ప్రభాతదేవత ఇయోస్ నుండి వచ్చింది. ఆ ఇయోస్, మన వేదాలలోని ఉషస్సు ఒకే మూలశబ్దం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. చిన్ననాటి నుండి ఉషస్సును స్తుతించిన నాకు, ఆ పేరు గల కణమే హృదయాన్ని బాధించడం వింతగా తోచింది.

నిజానికి ఈ కణం మన రక్షకభటుడే. కడుపులోని పురుగులపై ప్రయోగించడానికి తీక్ష్ణమైన మాంసకృత్తులను తన రేణువులలో దాచుకొని ఉంటుంది. మందు పడకపోవడం, పురుగులు, ఉబ్బసంతో కూడిన కొన్ని రక్తనాళ వ్యాధులు, కొన్ని రక్తవ్యాధులు, ఇట్టి కారణాలచే ఈ కణాలు మితిమీరినప్పుడు, ఒక్కొక్కసారి అవి హృదయ కండరంలో చేరి ఆ అస్త్రాలను అక్కడే విడుస్తాయి. మొదట కండరం వాచి దెబ్బతింటుంది. పిదప గుండె గదులలో రక్తపు గడ్డలు కట్టవచ్చు. అవి మెదడుకు చేరితే పక్షవాతం కలుగుతుంది. చివరకు గుండె లోపలి పొర మచ్చకట్టి బిగుసుకుపోతుంది. ఇట్టి స్థితిని 1936లో స్విట్జర్లాండు వైద్యుడు విల్హెల్మ్ లోఫ్లర్ వివరించాడు. మొదటి దశలోనే గుర్తిస్తే కండరం చాలావరకు కోలుకోగలదు. మచ్చ కట్టిన తరువాత అది మరలదు.

కాగితంపై లెక్క చూచుకోవడం కష్టం కాదు. మొత్తం తెల్లకణాల సంఖ్యను ఇసినోఫిల్ శాతంతో హెచ్చించి నూరుతో భాగించాలి. నా లెక్క 4,200. సాధారణంగా ఇది 500 లోపు ఉండాలి. 1,500 దాటి నిలిచినచో గుండె, ఊపిరితిత్తులు మొదలైన అవయవాలను పరీక్షింపజేయడం అవసరం. అయితే కొద్దిగా పెరిగిన ప్రతివారూ భయపడనక్కరలేదు. అధికులలో అది ఎలర్జీ వలననో, పురుగుల వలననో కలిగినదే. అంకెతో పాటు ఆయాసం, ఛాతీలో బరువు, గుండెదడ, కాళ్లవాపు, స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం తగదు.

ఆ సాయంకాలమే నాకు ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో చేశారు. మరునాడు ఎమ్మారైలో కండరపు వాపు స్పష్టంగా కనిపించింది. గుండె నుండి సూక్ష్మమైన ముక్క తీసి పరీక్షించడమే తుది నిర్ధారణ. నా విషయంలో వైద్యులు అంతవరకు వేచి ఉండక, సల్ఫా మాత్రలు ఆపించి, స్టెరాయిడ్ చికిత్స ఆరంభించి, క్రమంగా తగ్గించారు.

స్టెరాయిడ్‌కు ముందు వారు పురుగుల పరీక్ష కూడా చేయించారు. చెప్పులు లేని పాదాల ద్వారా మట్టి నుండి ప్రవేశించే స్ట్రాంజిలాయిడిస్ అనే పురుగు ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ వాడితే, అది విజృంభించి ప్రాణాంతకం కావచ్చునట. పాదచారులై వచ్చే మనవంటి వారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. ఆయాసానికి ఎవరో వాడిన స్టెరాయిడ్ మాత్రలను స్వయంగా వేసుకోరాదు.

క్రొత్త మందు వాడుతుండగా దద్దుర్లు, జ్వరం వస్తే ఆ మందు ఇచ్చిన వైద్యునికి వెంటనే తెలపండి. రక్తపరీక్ష కాగితాన్ని మడిచి దాచక, అందులోని అంకెలకు అర్థం అడగండి. మెట్ల మీద ఊపిరి అందకపోతే కూర్చోండి, క్రిందికి దిగండి, మ్రొక్కు మరొకనాడు తీర్చుకోండి. నేను నాలుగు రోజులు చేసిన పొరపాటును భక్తి అనుకున్నాను. అది కేవలం అజాగ్రత్త.

ఈ మాఘంలో వైద్యుల అనుమతితో మరల కొండ ఎక్కాను. ప్రతి మలుపులోనూ ఆగి ఎక్కాను. స్వామి తొందరపెట్టలేదు.

స్వస్తి.